భిన్నాలు వచ్చు, స్టేట్‌మెంట్ లెక్కలు రావు: ఏడో తరగతి బాబు తల్లికి జవాబు

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి చదువుతున్నాడు. భిన్నాల కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలు గబగబా చేసేస్తాడు. క.సా.గు. తీయడంలో తడబాటు లేదు. అవే భిన్నాలు మాటల్లో ఇస్తే మాత్రం పెన్సిల్ పట్టుకుని నా మొహం చూస్తాడు. "అమ్మా, ఇది కూడాలా, తీసేయాలా, గుణించాలా?" అంటాడు. ట్యూషన్‌లో "మొత్తం అంటే కూడిక, మిగిలింది అంటే తీసివేత, వంతు అంటే గుణకారం" అని రాయించి గోడకు అంటించమన్నారు. అంటించాం. అయినా తప్పులే. మొన్న పరీక్షలో ఈ లెక్క ఇచ్చారు: "రవి దగ్గర 600 రూపాయలు ఉన్నాయి. అందులో 1/3 వంతు పుస్తకాలకు ఖర్చు చేశాడు. మిగిలినదానిలో 1/4 వంతు పెన్నులకు ఖర్చు చేశాడు. ఇంకా ఎంత మిగిలింది?" మావాడు 250 అని రాశాడు. సున్నా వేశారు. వాడు చేసిన లెక్క కూడా పంపుతున్నాను. నేను పదో తరగతి వరకే చదివాను. ఇంట్లో వాడికి ఎలా చెప్పాలి? అబాకస్‌లో చేర్పిస్తే మేలంటారా? (ఒక తల్లి, ఖమ్మం జిల్లా)

జవాబు: అమ్మా, బాబు చేసిన లెక్క కూడా పంపారు, చాలా మంచి పని చేశారు. 250 అని మాత్రమే రాసి ఉంటే పొరపాటు ఎక్కడ పడిందో చెప్పడం కష్టమయ్యేది. ఇప్పుడు తేటగా కనిపిస్తోంది. 1/3, 1/4 రెండింటికీ క.సా.గు. 12 తీశాడు. 4/12, 3/12 కలిపి 7/12 అన్నాడు. 1లోంచి తీసేస్తే 5/12. 600లో 5/12 అంటే 250. ఇందులో ఒక్క అంకె తప్పు లేదు. ఇంత శుభ్రంగా చేసిన పిల్లవాడికి లెక్కలు రావని దయచేసి ఎవరినీ అననివ్వకండి. వాడు చూడని ముక్క ఒక్కటే. ఆ 1/4 వంతు దేనిలో?

1/3 వంతు 600లో. 1/4 వంతు మాత్రం 600లో కాదు, పుస్తకాలు కొన్నాక చేతిలో మిగిలిన 400లో. 400లో పావు వంతు 100. కాబట్టి చివరికి మిగిలేది 300. బాబు రెండు వంతులనూ 600లోంచే తీశాడు. అందుకే వాడి లెక్కలో పెన్నులకు 150 రూపాయలు పోయాయి, చివరికి 250 తేలింది.

భిన్నాల స్టేట్‌మెంట్ లెక్కల్లో పిల్లలు చేసే తప్పుల్లో చాలా భాగం ఇలాంటివే. "వంతు" అనే మాట ఎప్పుడూ దేనిలోనో ఒకదానిలో వంతు. ఆ "దేనిలో" అన్నది లెక్క మధ్యలో మారుతూ ఉంటుంది. మొదటి వాక్యంలో మొత్తం డబ్బు, రెండో వాక్యంలో మిగిలిన డబ్బు. అది మారిందని గమనించని పిల్లవాడు ఎంత వేగంగా క.సా.గు. తీసినా ప్రయోజనం ఉండదు. ఇంట్లో మీరు చెప్పాల్సింది కొత్త లెక్కలేమీ కాదు. ప్రతి భిన్నం దగ్గరా ఆగి "దేనిలో?" అని అడగడం అలవాటు చేయండి. పదో తరగతి చదువు దీనికి చాలు.

ముందు ఆ గోడ మీద కాగితం సంగతి. దాన్ని తీసేయమనే నా సలహా. ట్యూషన్ వాళ్ళు మంచి ఉద్దేశంతోనే రాయించి ఉంటారు, చిన్న తరగతుల్లో ఒక అడుగు లెక్కలకు అది కొంత పనిచేస్తుంది కూడా. కానీ ఏడో తరగతి లెక్కల్లో అది పిల్లవాడిని తప్పుదారి పట్టిస్తుంది. ఈ లెక్క చూడండి:

"ఒక రైతు తన పొలంలో 2/5 వంతు వరి వేశాడు. మిగిలినదానిలో 1/3 వంతు మిర్చి వేశాడు. ఇంకా మిగిలిన 4 ఎకరాల్లో కంది వేశాడు. మొత్తం పొలం ఎంత?"

గోడ మీద కాగితం ప్రకారం "మిగిలిన" ఉంది కాబట్టి తీసేయాలి, "మొత్తం" ఉంది కాబట్టి కూడాలి, "వంతు" ఉంది కాబట్టి గుణించాలి. మూడూ ఉన్నాయి. ఏది ముందు? దేన్ని దేనితో? కాగితం చెప్పదు. పిల్లవాడు 2/5నూ 1/3నూ 4తో ఎలాగోలా కలిపేసి ఏదో ఒక జవాబు తెస్తాడు. మాటను చూసి గుర్తు పెట్టే అలవాటు పడితే లెక్క చదవడమే మానేస్తారు. పరీక్షలో ప్రశ్న కాస్త తిప్పి అడగగానే చేతులెత్తేస్తారు, టెన్షన్ మొదలవుతుంది.

ఇప్పుడు అదే లెక్క ఎలా చేయించాలో చెబుతాను.

మొదట పెన్సిల్ పక్కన పెట్టించండి. లెక్కను పైకి చదవమనండి. తర్వాత పుస్తకం మూసి, ఏం జరిగిందో సొంత మాటల్లో చెప్పమనండి. అంకెలు గుర్తు లేకపోయినా ఫరవాలేదు. "ఒకాయనకు పొలం ఉంది. కొంత వరి వేశాడు. మిగిలినదాంట్లో కొంత మిర్చి. ఇంకా మిగిలింది కంది. కంది ఎన్ని ఎకరాలో తెలుసు, పొలం ఎంతో తెలీదు." ఇంత చెప్పగలిగితే సగం లెక్క అయిపోయినట్టే. చెప్పలేకపోతే ఇబ్బంది భిన్నాల్లో లేదు, భాషలో ఉంది. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం తెచ్చినప్పుడు పాఠ్యపుస్తకాలను రెండు భాషల్లో అచ్చు వేశారు. బాబు దగ్గర అలాంటి పుస్తకం ఉంటే లెక్కను ముందు తెలుగు పేజీలో చదివించండి, అర్థమయ్యాక ఇంగ్లీషు పేజీలో అదే లెక్క చూపించండి. తెలుగులో చదివితే ఇంగ్లీషు పాడవుతుందని భయపడకండి. లెక్క ముందు అర్థమైతే, దాన్ని ఇంగ్లీషులో గుర్తుపట్టడం తేలిక.

కథ చెప్పాక పట్టీ గీయించండి. అడ్డంగా పొడుగాటి దీర్ఘచతురస్రం. చిన్న తరగతుల్లో వాడిన గళ్ల నోటుబుక్కు ఇంట్లో ఉంటే బయటికి తీయండి, దీనికి అంత అనువైంది ఇంకోటి లేదు. ఆ పట్టీయే పొలం. 2/5 అన్నారు కాబట్టి అయిదు గళ్లు. రెండు గళ్లలో "వరి" అని రాయాలి. ఇక్కడ ఆగి అడగండి: "ఇప్పుడు 1/3 అంటున్నారు. దేనిలో?" మిగిలిన మూడు గళ్లలో. మూడు గళ్లలో మూడో వంతు అంటే ఒక గడి. అందులో "మిర్చి". ఇంకా రెండు గళ్లు ఖాళీ. ఆ రెండు గళ్లే 4 ఎకరాల కంది. అంటే ఒక్కో గడి 2 ఎకరాలు. అయిదు గళ్లు 10 ఎకరాలు. వరి 4, మిర్చి 2, కంది 4.

కూడాలా, గుణించాలా అనే ప్రశ్నే రాలేదు, గమనించారా? బొమ్మ చూస్తే ఏం చేయాలో దానంతటదే తెలిసింది. తర్వాత దాన్ని గణితపు రాతలో పెట్టడం చిన్న పని. వరి పోగా మిగిలింది 3/5. మిర్చి 3/5లో 1/3, అంటే 1/5. కంది 3/5 - 1/5 = 2/5. 2/5 వంతు 4 ఎకరాలైతే 1/5 వంతు 2 ఎకరాలు, మొత్తం 10 ఎకరాలు. పరీక్షలో ఈ మెట్లు రాయాలి, మార్కులు వీటికే. ఒక్కో అంకె పక్కన అది దేనిదో రాయించండి: "వరి 2/5", "మిగిలింది 3/5". పేరు లేని అంకెలు పేజీ నిండా ఉంటే మూడో మెట్టు దగ్గరే దారి తప్పుతారు.

ఈ లెక్కలో గళ్లు చక్కగా సరిపోయాయి. బాబుకు పరీక్షలో వచ్చిన రవి లెక్కలో అలా సరిపోవు, అందుకే దాని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి. 1/3 కాబట్టి మూడు గళ్లు గీస్తాడు. ఒకటి పుస్తకాలకు పోయింది. రెండు మిగిలాయి. ఇప్పుడు ఆ రెండు గళ్లలో నాలుగో వంతు కావాలి. రెండు గళ్లను నలుగురికి పంచితే తలా అర గడి. కాబట్టి ప్రతి గడినీ మధ్యలో గీత గీసి రెండు చేయాలి. మూడు గళ్లూ ఆరవుతాయి. పుస్తకాలు రెండు గళ్లు, మిగిలినవి నాలుగు, వాటిలో పెన్నులకు ఒకటి, చివరికి మూడు. ఆరు గళ్లకు 600 అయితే గడికి 100. మూడు గళ్లకు 300.

ఆ అడ్డగీత గీసే క్షణం చాలా విలువైంది, తొందరపెట్టకండి. 1/3ను 2/6గా మార్చడం అని బడిలో నేర్పించేది సరిగ్గా అదే. లవాన్నీ హారాన్నీ రెండుతో గుణించడం అని కంఠతా వచ్చిన పిల్లవాడు, ఎందుకు గుణిస్తారో మొదటిసారి కళ్ళారా చూసేది అక్కడే. మీరు గీసి చూపించకండి. "రెండు గళ్లలో నాలుగో వంతు ఎలా తీస్తావు?" అని అడిగి ఊరుకోండి. కొంచెం సేపు పడుతుంది. పట్టనివ్వండి.

బాబు ఎలా పొరబడ్డాడో కూడా పట్టీ మీదే చూపించవచ్చు. 12 గళ్ల పట్టీ గీయండి. వాడు 4 గళ్లు పుస్తకాలకు, 3 గళ్లు పెన్నులకు కొట్టేశాడు, 5 గళ్లు మిగిల్చాడు. ఇప్పుడు వాణ్నే అడగండి: "పుస్తకాలు కొన్నాక 8 గళ్లు ఉన్నాయి కదా, నువ్వు పెన్నులకు 3 గళ్లు తీశావు. 8లో నాలుగో వంతు 3 అవుతుందా?" వాడే దిద్దుకుంటాడు.

జవాబు సరిచూడటం గురించి ఒక హెచ్చరిక. చాలామంది పిల్లలు అన్నీ కలిపి మొదటి అంకె వస్తే జవాబు కరెక్టే అనుకుంటారు. బాబు జవాబును అలా చూస్తే 200 + 150 + 250 = 600. సరిపోయింది! అయినా జవాబు తప్పు. అందుకని సరిచూడటం అంటే కూడి చూడటం కాదు. జవాబు చేత్తో పట్టుకుని లెక్కలోని వాక్యాలను ఒక్కొక్కటే మళ్ళీ చదవాలి. "600లో మూడో వంతు 200, అవును. మిగిలినదానిలో, అంటే 400లో, నాలుగో వంతు 150... కాదే!" తప్పు అక్కడ దొరుకుతుంది.

ఇక రెండో రకం. ఇది చూడటానికి చిన్న తేడా, కానీ తెలివైన పిల్లలు కూడా బోల్తా పడతారు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన రాసి బాబుకు ఇవ్వండి:

"12 మీటర్ల బట్టలో 3/4 మీటరు కత్తిరించారు. ఎంత మిగిలింది?"

"12 మీటర్ల బట్టలో 3/4 వంతు కత్తిరించారు. ఎంత మిగిలింది?"

మొదటిదానికి జవాబు పదకొండుంబావు మీటర్లు. రెండోదానికి 3 మీటర్లు. ఒక్క మాట మారింది, అంతే. భిన్నం పక్కన మీటరు, కిలో, లీటరు, గంట ఉంటే అది మామూలు కొలత. టేపు పెట్టి కొలిచేయవచ్చు, ఇంకేమీ అడగక్కర్లేదు. పక్కన "వంతు" ఉంటే వెంటనే "దేనిలో?" అని అడగాలి. ఇంగ్లీషు పేజీలో ఈ తేడా ఇంకా సులువుగా కంటికి దాటిపోతుంది, ఎందుకంటే "వంతు" లాంటి మాట అక్కడ చాలాసార్లు ఉండదు. లెక్కలో కనిపించిన ప్రతి భిన్నం కింద "కొలత" అనో "వంతు" అనో రాయిస్తే కొద్దిరోజుల్లో అలవాటైపోతుంది.

భాగహారం లెక్కల్లోనూ "దేనిలో?" అన్న ప్రశ్నే కాపాడుతుంది. కిరాణా కొట్టు లెక్క తీసుకోండి. ఐదున్నర కిలోల పల్లీలు ఉన్నాయి. పావు కిలో పొట్లాలు కడితే ఎన్ని? కిలోకు నాలుగు, అయిదు కిలోలకు ఇరవై, అరకిలోకు రెండు, మొత్తం 22. మీరు నోటితోనే చెప్పేస్తారు. బాబుతో కూడా ముందు నోటితో చెప్పించి, తర్వాత 11/2 ÷ 1/4 = 11/2 × 4 = 22 అని రాయించండి. రెండో భిన్నాన్ని తిరగేసి గుణించడం ఎందుకో వాడికి అప్పుడు తెలుస్తుంది. కిలోకు నాలుగు పొట్లాలు కాబట్టి నాలుగుతో గుణిస్తున్నాం.

ఇప్పుడు ముప్పావు కిలో పొట్లాలు కట్టమనండి. 11/2 ÷ 3/4 = 11/2 × 4/3 = 22/3, అంటే 7 1/3. పిల్లలు ఇక్కడ ఏం రాస్తారంటే, "7 పొట్లాలు, 1/3 కిలో మిగిలింది" అని. ఏడు ముప్పావులు ఐదుంబావు కిలోలు. ఐదున్నరలోంచి ఐదుంబావు పోతే మిగిలేది పావు కిలో. మరి 1/3 ఎక్కడిది? అది కిలోలో మూడో వంతు కాదు, పొట్లంలో మూడో వంతు. ముప్పావు కిలో పొట్లంలో మూడో వంతు అంటే పావు కిలో. రెండూ కలిశాయి. ఈ ఒక్క లెక్క నాకు ఎంతో ఇష్టం. వీలైతే ఇంట్లో పల్లీలో బియ్యమో తూచి మరీ చూపించండి. తక్కెడ లేకపోతే గ్లాసుతో చాలు: ఐదున్నర గ్లాసుల బియ్యం, పొట్లానికి ముప్పావు గ్లాసు. భాగహారంలో మిగిలిన భిన్నం దేనిదో అర్థమైన పిల్లవాడు పై తరగతుల్లో ఈ విషయంలో ఇంక తడబడడు.

నీళ్ల తొట్టి లెక్కలు కూడా వీడి పుస్తకంలో వస్తాయి. "తొట్టిలో 1/4 వంతు నీళ్లు ఉన్నాయి. 15 బిందెలు పోస్తే 2/3 వంతు నిండింది. తొట్టి నిండా ఎన్ని బిందెలు పడతాయి?" 12 గళ్ల పట్టీ గీయండి. ఇంతకుముందు 3 గళ్లు నిండి ఉన్నాయి, ఇప్పుడు 8 గళ్లు. మధ్యలో నిండిన 5 గళ్లకు 15 బిందెలు. గడికి 3. తొట్టికి 36 బిందెలు. ఇక్కడ రెండు వంతులూ ఒకే తొట్టిలోవి కాబట్టి నేరుగా తీసేయవచ్చు, 2/3 - 1/4 = 5/12. రవి లెక్కలో బాబు చేసిన పని ఈ లెక్కలో అయితే సరైనదే. ఆ మాట వాడితో తప్పకుండా చెప్పండి. తను చేసింది పనికిమాలిన పని కాదని, వేరే చోట చేయాల్సిన పని అని తెలిస్తే ధైర్యం వస్తుంది. రెండు భిన్నాలను కూడాలన్నా తీసేయాలన్నా రెండూ ఒకే వస్తువులో వంతులై ఉండాలి. అంతే.

"ఎక్కువ, తక్కువ" లెక్కల గురించి కూడా ఒకమాట. "సీత కంటే రాధ దగ్గర 1/4 వంతు ఎక్కువ ఉంది" అంటే ఆ నాలుగో వంతు సీత డబ్బులో. సీతకు 40 ఉంటే రాధకు 50. తిప్పి అడిగితే, రాధ కంటే సీతకు తక్కువ ఎంత వంతు? తేడా 10 రూపాయలే, కానీ ఇప్పుడు చూడాల్సింది రాధ 50లో. కాబట్టి 1/5. శాతాలు, లాభనష్టాలు వచ్చేసరికి ఇదే మళ్ళీ ఎదురవుతుంది.

ఇలా మిగిలినదానిలో వంతు తీసే లెక్కలు కొత్తవేమీ కావు. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో వీటిని విడిగా ఒక రకంగా చేర్చి శేషజాతి అని పేరు పెట్టాడు. మొత్తంలో వంతులు తీసే లెక్కలను భాగజాతి అన్నాడు. మీ బాబు కలగాపులగం చేసిన రెండు రకాలూ ఇవే. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. వెయ్యేళ్ల కిందటి పెద్దలే వీటికి వేరువేరు పేర్లు పెట్టాల్సి వచ్చిందంటే, ఏడో తరగతి పిల్లవాడు తికమక పడటంలో ఆశ్చర్యం లేదు.

అలాగే 1150 నాటి భాస్కరాచార్యుడి లీలావతిలో తుమ్మెదల లెక్క ఉంది. సెలవు రోజున బాబుకు ఇవ్వదగ్గది. ఒక తుమ్మెదల గుంపులో అయిదో వంతు కదంబ పువ్వు మీద వాలాయి. మూడో వంతు శిలీంధ్ర పువ్వు మీద వాలాయి. ఆ రెండు వంతులకూ ఉన్న తేడాకు మూడు రెట్లు కుటజ పువ్వు మీదికి వెళ్లాయి. ఒక్క తుమ్మెద మాత్రం ఎటూ తేల్చుకోలేక గాల్లో తిరుగుతోంది. గుంపులో ఎన్ని?

ఎక్స్ అనుకోవడం ఇంకా బాగా రాని పిల్లలకు భాస్కరుడు చెప్పిన ఇష్టకర్మ అనే పద్ధతి బాగుంటుంది. ముందు మనకు అనువైన ఒక సంఖ్య అనుకోవాలి. 5తోనూ 3తోనూ నిశ్శేషంగా భాగించగలిగేది, 30 అనుకుందాం. అయిదో వంతు 6. మూడో వంతు 10. తేడా 4, దానికి మూడు రెట్లు 12. అన్నీ కలిపి 28. మిగిలినవి 2. లెక్కలో మిగిలింది మాత్రం 1. లెక్కలో మిగలాల్సినదానికి సరిగ్గా రెట్టింపు మిగిలింది కాబట్టి అసలు గుంపు మనం అనుకున్న 30లో సగం, 15. సరిచూస్తే 3, 5, 6, 1. సరిపోయింది. పైన రైతు లెక్కను కూడా ఇలాగే చేయించండి. పొలం 30 ఎకరాలు అనుకోమనండి. వరి 12, మిర్చి 6, కంది 12 వస్తుంది. కావాల్సింది 4, మూడో వంతు. కాబట్టి పొలం 10 ఎకరాలు. ఒకే లెక్క రెండు దారుల్లో ఒకే జవాబుకు రావడం చూస్తే పిల్లలకు కలిగే నమ్మకం వేరు. ఒక జాగ్రత్త: లెక్కలో వంతులూ, చివర తెలిసిన ఒక్క సంఖ్యా మాత్రమే ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. "మూడో వంతు, ఇంకో 5 ఎకరాలు" అని మధ్యలో విడి సంఖ్య కలిస్తే ఇలా హెచ్చించడం కుదరదు. అప్పుడు పట్టీకే తిరిగి రావాలి.

ఇంట్లో ఎలా కూర్చోవాలని అడిగారు. రోజుకు ఒక్క లెక్క చాలు, కానీ ఆ ఒక్కటీ పూర్తిగా: చదవడం, కథ చెప్పడం, పట్టీ, మెట్లు, వాక్యాల్లో సరిచూడటం. ఒకే సిట్టింగ్‌లో పది లెక్కలు చేయిస్తే వాడు మళ్ళీ పాత పద్ధతిలో పరిగెత్తుతాడు. లెక్క మొదలుపెట్టేముందు ఒక అంచనా అడగండి: "సగానికి ఎక్కువ మిగులుతుందా, తక్కువా?" అంచనా తప్పినా ఏమీ అనకండి. "కూడాలా, తీసేయాలా?" అని వాడు మీ మొహం చూసినప్పుడు జవాబు చెప్పకండి, పెన్సిల్ లాక్కుని గీయకండి. "ఏం జరిగిందో ఇంకోసారి చెప్పు" అనండి. వాడు "మిగిలినదాంట్లో..." అనగానే "ఆఁ, దేనిలో అన్నావు?" అని అడిగితే చాలు. నాన్నకో తాతయ్యకో కూడా ఇదే చెప్పి పెట్టండి. ఇంట్లో ఒకరు బొమ్మ గీయమని, ఇంకొకరు "బొమ్మలేంట్రా, ఫార్ములా వెయ్యి" అంటే పిల్లవాడు నలిగిపోతాడు.

వారానికి ఒకసారి వాణ్నే ఒక లెక్క తయారుచేయమనండి, మీరు చేయండి. వాడు కట్టిన లెక్కలో అంకెలు కుదరకపోవచ్చు. 7 మామిడికాయల్లో నాలుగో వంతు అంటాడు. అప్పుడు "మరి ఎన్ని కాయలు పెడితే కుదురుతుంది?" అని అడగండి. దానికి జవాబు వెతుకుతూ హారాల గురించి వాడు నేర్చుకునేది వర్కుషీట్లు ఎన్ని చేసినా రాదు.

అబాకస్ సంగతి. దానిమీద నాకు వ్యతిరేకత లేదు, కూడికలూ గుణకారాలూ వేగంగా చేయడానికి పనికొస్తుంది. కానీ మీ బాబుకు వేగం లోటు లేదు. మీరు పంపిన వాడి లెక్కే సాక్ష్యం. ఆ ఫీజు ప్రస్తుతానికి మిగుల్చుకోండి. ట్యూషన్ మాన్పించక్కర్లేదు కానీ, అక్కడి సారుతో ఒకసారి మాట్లాడి, కొన్నాళ్లు స్టేట్‌మెంట్ లెక్కలకు పట్టీ గీసి చేయనివ్వమని అడగండి. పరీక్ష పేపర్ విషయంలో క్లాసు టీచర్‌ను కూడా కలవండి. 1/3 వంతు దాకా బాబు తీరు సరైనదే కాబట్టి, మెట్లకు మార్కులు ఇచ్చే వీలుందేమో మర్యాదగా అడగడంలో తప్పు లేదు. ఇవ్వకపోయినా తప్పు ఎక్కడో మీకు తెలుసని ఆయనకు తెలుస్తుంది.

రేపు సాయంత్రం మొదలుపెట్టడానికి ఈ లెక్క ఇవ్వండి: "ఒక అమ్మాయి కథల పుస్తకంలో మొదటిరోజు 1/4 వంతు చదివింది. రెండోరోజు మిగిలినదానిలో 2/3 వంతు చదివింది. ఇంకా 40 పేజీలు ఉన్నాయి. పుస్తకం ఎన్ని పేజీలు?" నాలుగు గళ్ల పట్టీతో అవుతుంది, అడ్డగీతలు అక్కర్లేదు. జవాబు 160. ఈ సంఖ్య మీ దగ్గరే ఉంచుకోండి, వాడు వాక్యం వాక్యం సరిచూసి తనే "కరెక్టే" అనేదాకా చెప్పకండి.